కేసు కొట్టేశారని స్వీట్లు పంచితే క్యాంటీన్‌లో గొడవ: శ్రీలంక తమిళ ఖైదీల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గుమ్మిడిపూండి_లోకల్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను గుమ్మిడిపూండి సిప్‌కాట్‌లో ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాను. ఇంట్లో తెలుగు, షాప్‌ఫ్లోర్‌లో తమిళం, ఆడిట్ వచ్చిన రోజు ఇంగ్లీషు.

నా పక్క సీటు కుర్రాడు ఇక్కడి శ్రీలంక తమిళుల క్యాంపులో పుట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లు. ఇండియా తప్ప ఇంకో దేశం మొహం చూడలేదు, అయినా ఇండియా పౌరుడు కాదు. వాళ్ల మేనమామ పదమూడేళ్లు శ్రీలంక జైళ్లలో ఉన్నాడు. పోయిన వారం కోర్టు కేసు కొట్టేసి వదిలేసింది. ఆ సంతోషంలో కుర్రాడు మైసూర్ పాక్ తెచ్చాడు. క్యాంటీన్‌లో ఒకాయన ముక్క చేతిలోకి తీసుకుని, సంగతేంటని అడిగి, విన్నాక తిరిగి డబ్బాలో పెట్టేశాడు. "టెర్రరిస్టు బయటికొస్తే స్వీటా?" అన్నాడు. కుర్రాడు మూత పెట్టి బ్యాగులో సర్దుకున్నాడు. నేను అప్పటికే ఒక ముక్క తినేశాను. చేతికంటిన నెయ్యి తుడుచుకుంటూ కూర్చున్నానే తప్ప నోరు పెగల్లేదు.

అక్కడి సర్కారుకీ, తమిళులకి వేరే దేశం కావాలన్న పులులకీ (ఎల్టీటీఈ) యుద్ధం 2009లోనే అయిపోయింది కదా, ఇంకా జైళ్లలో ఎవరున్నారు, ఎందుకున్నారు? ఆ పెద్దమనిషికి ఏం చెప్పి ఉండాల్సింది? మనవాళ్లలో తెలిసినవాళ్లు ఉంటారని ఇక్కడ అడుగుతున్నా.

కొరుక్కుపేట_కుర్రాడు | రాత్రి 10:05

చెప్పడానికేముంది అన్నా. ఆయన కరెక్టే. శ్రీపెరంబుదూర్ మనకి ఎంత దూరం? 1991 మే 21న పులుల బాంబుకి రాజీవ్ గాంధీతో పాటు డ్యూటీలో ఉన్న పోలీసులూ పోయారు, పూలదండ వేద్దామని వచ్చిన మామూలు జనమూ పోయారు. బాంబులు పెట్టినోళ్లని వదిలేస్తూ పోతే రేపు ఇంకొకడు పెడతాడు.

నల్లకోటు | రాత్రి 10:31

తమ్ముడూ, "కేసు కొట్టేశారు" అని రాశారాయన. ఇంకోసారి చదువు. నేను హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

అక్కడి తీవ్రవాద నిరోధక చట్టాన్ని అందరూ పీటీఏ అంటారు. 1979లో తాత్కాలికం అని తెచ్చారు, 1982లో శాశ్వతం చేసేశారు. ఛార్జిషీటు లేకుండా మూడేసి నెలలు పొడిగించుకుంటూ 18 నెలలు ఉంచొచ్చు. 2022లో దాన్ని 12 నెలలకి తగ్గించారు. ఆ గడువు అయిపోతే వదుల్తారనుకోకండి. తర్వాత రిమాండు, వాయిదాలు, ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకి బదిలీ. అలా పదేళ్లు దాటినవాళ్లు ఉన్నారు.

అసలు చిక్కు ఒప్పుకోలు దగ్గర. మామూలుగా పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పీటీఏ కింద అయితే ఏఎస్పీ, ఆ పై హోదా ఉన్నవాడు రాసుకుంటే చెల్లుతుంది. కొట్టి రాయించారనుకోండి, కొట్టారని నిరూపించుకోవాల్సింది కూడా ముద్దాయే. గదిలో తనూ, కొట్టినవాళ్లూ తప్ప ఇంకెవరూ లేనప్పుడు సాక్షిని ఎక్కడి నుంచి తెస్తాడు? పైగా కాగితం సింహళంలో ఉంటుంది. సంతకం పెట్టినవాడికి తమిళం తప్ప రాదు. ఈ ఫిర్యాదు ఒకరిద్దరిది కాదు.

ఇదేదో పరాయి దేశం వింత అని నవ్వకండి. ఒకప్పటి మన తీవ్రవాద నిరోధక చట్టం టాడాలోనూ ఎస్పీ రాసుకున్న ఒప్పుకోలు చెల్లేది. రాజీవ్ హత్య కేసులో 1998 జనవరిలో పూనమల్లి టాడా కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. మొత్తం 26 మందికీ! మరుసటి ఏడు సుప్రీంకోర్టు 19 మందిని వదిలేసింది. బాంబుకి బ్యాటరీలు కొనిచ్చాడని శిక్ష పడ్డ పేరరివాళన్ ఒప్పుకోలు రాసుకున్న సీబీఐ అధికారి, రిటైరయ్యాక 2013లో ఏమన్నాడో తెలుసా? బ్యాటరీలు దేనికో తనకి తెలియదని అతను చెప్పిన మాట తాను రాయలేదన్నాడు. ఆ ఒక్క వాక్యం రాయకపోవడం ఒక మనిషికి 31 ఏళ్ల జైలు.

కొరుక్కుపేట_కుర్రాడు | రాత్రి 10:44

అక్కా, అందరూ అమాయకులేనా మరి?

నల్లకోటు | రాత్రి 10:47

అనలేదే. ఎవరు అమాయకుడో తేలేలా విచారణ జరపమంటున్నా.

మైలాపూర్_మావయ్య | సోమవారం ఉదయం 6:12

నాకు డెబ్బై నాలుగు. పొద్దున్నే కాఫీ తాగుతూ అంతా చదివాను. కుర్రాడి కోపం నాకర్థమవుతుంది, నాలోనూ అది ఉంది. పులులు చంపింది సింహళుల్ని మాత్రమే కాదు. 1990 జూన్‌లో మన కోడంబాక్కం జకారియా కాలనీలో పద్మనాభని, ఆయన మనుషుల్ని కాల్చేశారు. వాళ్లంతా తమిళులే, వేరే గ్రూపు, అంతే. 1999లో కొలంబోలో నీలన్ తిరుచెల్వం కారు మీద ఆత్మాహుతి దాడి చేశారు. ఆయన తుపాకి పట్టినవాడు కాదు, రాజ్యాంగంలో తమిళులకి చోటు కోసం కాగితాలు రాసిన లాయరు.

అయితే దీన్ని మొదలు నుంచి చూడాలి. 1956లో అక్కడ సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. మనకి 1956 అంటే ఏం గుర్తొస్తుంది? భాషా ప్రయుక్త రాష్ట్రాలు. పొట్టి శ్రీరాములు గారు మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో 58 రోజులు పస్తులుండి 1952 డిసెంబర్‌లో ప్రాణం విడిచారు. తర్వాత ఆంధ్ర వచ్చింది, ఆ తర్వాత మిగతావాటికీ దారి పడింది. మద్రాసు మనకి దక్కలేదని మా నాన్న చచ్చేదాకా సణిగాడు. సణిగాడు, అంతే. ఇదే ఊళ్లో బతికాడు, తమిళంలో బేరమాడాడు, కూరగాయలమ్మితో ప్రతిరోజూ పోట్లాడాడు. అదే సంవత్సరంలో పక్క దేశం రెండో దారి పట్టింది. తర్వాత యూనివర్సిటీ సీట్లలో తేడా చూపారు, 1981లో జాఫ్నా లైబ్రరీ తగలబెట్టారు, 83 జూలైలో కొలంబో వీధుల్లో ఊచకోత కోశారు.

ఖైదీల సంగతి కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ జూలైలోనే వెలికడ జైలు లోపల రెండు దఫాల్లో 53 మంది తమిళ ఖైదీల్ని తోటి ఖైదీల గుంపులు చంపేశాయి. సర్కారు తాళం వేసి ఉంచిన చోట. ఒక్కడికి కూడా శిక్ష పడలేదు.

అడ్మిన్_టీనగర్ | ఉదయం 8:20

బాగా నడుస్తోంది, నడవనివ్వండి. ఒక్క మాట: ఎప్పట్లాగే ఇది "తెలుగువాళ్లు – తమిళులు" పంచాయితీగా మారితే మూసేస్తా. నిన్న రాత్రి తీసేసిన రెండు మెసేజీలు ఎవరివో వాళ్లకి తెలుసు.

పాలారు | ఉదయం 9:02

మాది వేలూరు. చిన్న పక్కదారి, తిట్టకండి. శ్రీలంక రాజకీయ ఖైదీ అంటే నాకు ముందు మా కోట గుర్తొస్తుంది. క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు మధుర నాయక్కర్ల బంధువర్గం, అంటే మూలం తెలుగే. 1815లో ఇంగ్లీషువాళ్లు పదవి నుంచి దించి, వేలూరు కోటలో పెట్టారు. దాదాపు పదహారేళ్లు ఇక్కడే ఉండి 1832లో పోయాడు. పాలారు ఒడ్డున ముత్తు మండపం ఆయనదే. సింహళుల చివరి రాజు తెలుగు మూలాలవాడు, పోయింది తమిళ నేల మీద. ఎవరు ఎవరికి పరాయి అని గట్టిగా అరిచేవాళ్లని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలి. బస్టాండ్ నుంచి ఆటోలో పోవచ్చు.

రాయపేట_బిర్యానీ | మధ్యాహ్నం 1:15

అందరూ సింహళ–తమిళ లెక్కే వేస్తున్నారు. 1990 అక్టోబర్‌లో పులులు ఉత్తరాది నుంచి ముస్లింలని మొత్తంగా వెళ్లగొట్టారు. జాఫ్నాలో ఇచ్చిన టైము రెండు గంటలు. డెబ్బై వేల మందికి పైగా. వాళ్ల మాతృభాషా తమిళమే. అంతకు రెండు నెలల ముందు కాత్తాన్‌కుడి మసీదులో నమాజు చేస్తుంటే వందమందికి పైగా కాల్చేశారు. వెళ్లగొట్టినవాళ్లు పుత్తళం వైపు తాటాకు గుడిసెల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. శాంతి చర్చలంటే సర్కారూ పులులూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. వీళ్లకి కుర్చీ లేదు.

ఖైదీల్ని వదలొద్దని నేననను. నల్లకోటు గారు చెప్పింది న్యాయం. కానీ మా ఇల్లు ఎవరు తిరిగిస్తారని వాళ్లడిగితే, "ముందు మా అబ్బాయి రానీ, తర్వాత చూద్దాం" అనకూడదు.

గుమ్మిడిపూండి_లోకల్ | మధ్యాహ్నం 1:50

ఇది నాకు నిజంగా తెలియదు సార్. కుర్రాడికీ తెలిసుండదు, అడుగుతా.

అన్నానగర్_నర్సమ్మ | రాత్రి 8:33

నేను పదకొండేళ్లు బెల్‌ఫాస్ట్‌లో నర్సుగా చేసి వచ్చాను. కొరుక్కుపేట తమ్ముడు "వదిలేస్తే మళ్లీ పెడతారు" అన్నాడు కదా. అక్కడా అదే భయం. ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్, ప్రొటెస్టెంట్ సాయుధ గ్రూపుల పోరు ఆపడానికి 1998 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరినప్పుడు అందరికంటే చేదుగా మింగింది ఖైదీల విడుదలనే. రెండేళ్లలో రెండు వైపులా కలిపి 400 మందికి పైగా బయటికొచ్చారు. వాళ్లలో హంతకులు ఉన్నారు, దోషం రుజువైనవాళ్లే.

అయితే అది క్షమాభిక్ష కాదు. శిక్ష అలాగే ఉంటుంది, మనిషి షరతు మీద బయట ఉంటాడు. మళ్లీ ఆయుధాల జోలికెళ్తే ఆ విడుదల లైసెన్సు రద్దు, మిగిలిన శిక్ష లోపల. వాళ్ల సంస్థ కాల్పుల విరమణ పాటించకపోతే ఆ సంస్థవాళ్లకి విడుదలే వర్తించదు. విడుదల మాట ఒప్పందంలో రాసి, జనం ముందు పెట్టి ఓటేయించారు, తర్వాత చట్టం చేశారు.

మా వార్డులో ఒకావిడ ఉండేది, తమ్ముణ్ని పోగొట్టుకుంది. చంపినవాణ్ని సూపర్ మార్కెట్‌లో చూస్తుంటుందట, పాల ప్యాకెట్ల దగ్గర. "ఏమంటారు?" అని అడిగాను. "ఏమంటాను, నేను వేరే రోజు వెళ్తాను" అంది. శాంతి వచ్చేసింది, అందరూ కౌగిలించుకున్నారు అనుకునేవాళ్లకి ఈ మాట చెప్తుంటాను. ఆవిడ వేరే రోజు వెళ్తోంది. కానీ ఆవిడ కొడుకు బడికెళ్తుంటే దారిలో బాంబు పేలలేదు.

నల్లకోటు | రాత్రి 9:10

నర్సమ్మ గారూ, నేను రాద్దామనుకున్నదానికి సగం దారి వేసేశారు. లంకలో ఆ "రాసి, ఓటేయించడం" లేదు. అక్కడ విడుదల అంటే అధ్యక్షుడి దయ. 2021 జూన్‌లో పోసోన్ పున్నమి పండక్కి అప్పటి అధ్యక్షుడు గొటబాయ 16 మంది తమిళ ఖైదీలని వదిలాడు. అదే రోజు, హత్య కేసులో ఉరిశిక్ష పడ్డ తన వైపు మాజీ ఎంపీనీ వదిలాడు. అంతకుముందు ఏడాది మార్చిలో, మిరుసువిల్‌లో ఎనిమిది మంది తమిళుల్ని చంపిన కేసులో ఉరిశిక్ష ఖాయమైన సైనికుణ్ని వదిలాడు. ఆ ఎనిమిది మందిలో చిన్నపిల్లలున్నారు. 2022 అక్టోబర్‌లో ఆయన తర్వాత వచ్చిన రణిల్ ఇంకో ఎనిమిది మందిని వదిలాడు. వాళ్లలో కొందరు మాజీ అధ్యక్షురాలు చంద్రిక మీద హత్యాయత్నం కేసులోవాళ్లు. ఆ దాడిలో ఒక కన్ను పోగొట్టుకున్న ఆవిడే సరేనందట. ఆ ఒక్కటీ నాకు పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

ఇలా పండగ కానుకలాగా వదిలితే ఎవరికీ నమ్మకం కుదరదు. లోపల మిగిలినవాడికి తనెందుకు మిగిలాడో తెలియదు. బాధితులకి ఎందుకు వదిలారో చెప్పరు. పైగా "మా దగ్గర రాజకీయ ఖైదీలే లేరు" అని ప్రతి సర్కారూ అంటూనే, ఎన్నికలొస్తే వాళ్లనే విడుదల చేస్తామని మాటిస్తుంది.

కొరుక్కుపేట_కుర్రాడు | రాత్రి 11:26

నేనూ కొంచెం చదివాను. సింహళ కుర్రాళ్ల వామపక్ష పార్టీ జేవీపీ సంగతి చూడండి. 1971లో తిరుగుబాటు. నాయకుడు విజేవీరని జీవిత ఖైదులో పెట్టారు, 1977లో అప్పటి ప్రధాని జయవర్ధనే వదిలేశాడు. ఏమైంది? 87–89లో మళ్లీ తిరుగుబాటు, వేలమంది చచ్చారు. నేనన్నదేగా? వదిలితే ఇంతే.

మైలాపూర్_మావయ్య | మంగళవారం ఉదయం 6:05

భేష్, ఇప్పుడు వాదిస్తున్నావు. కానీ మధ్యలో ఒక పేజీ తిప్పేశావు. బయటికొచ్చాక విజేవీర ఎన్నికల్లోకి దిగాడు, 1982లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 83 జూలై అల్లర్లు జరిగితే ఆ నెపం వాళ్ల మీద వేసి, పార్టీని నిషేధించారు. పార్టీ అజ్ఞాతంలోకి పోయింది, మళ్లీ తుపాకి పట్టింది. నన్నడిగితే తప్పు జైలు గేటు తెరవడంలో లేదు, ఎన్నికల గేటు మూయడంలో ఉంది. వాళ్లు చేసిన హత్యల్ని వెనకేసుకు రావడం లేదు, అవి ఘోరాలే.

ఇంకో సంగతి. ఆ జేవీపీ మనిషే అనుర కుమార దిసనాయకే 2024 సెప్టెంబర్‌లో అధ్యక్షుడయ్యాడు. నవంబర్ పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమి జాఫ్నా జిల్లాలో కూడా మొదటి స్థానంలో వచ్చింది. రెండుసార్లు తిరుగుబాటు చేసిన సింహళ కుర్రాళ్లకి దేశం మూడో అవకాశం ఇచ్చింది. తమిళ కుర్రాడికి మొదటిది ఇవ్వడానికి ఇంత గింజుకోవడం ఎందుకు?

కొరుక్కుపేట_కుర్రాడు | ఉదయం 7:40

83 నిషేధం నాకు తెలియదు మావయ్యా. ఒప్పుకుంటా. శ్రీపెరంబుదూర్ విషయంలో మాత్రం నా మాట మారదు.

మైలాపూర్_మావయ్య | ఉదయం 7:44

నాదీ మారలేదు.

నల్లకోటు | ఉదయం 10:20

ఆ కేసే చివరిదాకా చూడండి, విడుదల అనే మాట ఎంత బోలుగా ఉంటుందో తెలుస్తుంది. 2022 నవంబర్ 11న సుప్రీంకోర్టు మిగిలిన ఆరుగురినీ వదలమంది. వాళ్లలో నలుగురు శ్రీలంకవాళ్లు. జైలు గేటు దాటగానే తిరుచ్చి స్పెషల్ క్యాంపులో పెట్టారు, విదేశీయులని. ఆ నలుగురిలో ఒకడు సంతన్, అక్కడే ఏడాదికి పైగా ఉన్నాడు. జాఫ్నాలో ముసలితల్లి ఎదురుచూస్తోంది. వెళ్లడానికి అనుమతి కాగితం వచ్చేసరికి లివరు పాడై మన చెన్నై జనరల్ ఆస్పత్రిలో ఉన్నాడు. 2024 ఫిబ్రవరి 28న అక్కడే పోయాడు. ఆ ఆస్పత్రి పేరు రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి. తల్లి దగ్గరికి శవం వెళ్లింది.

అతను దోషా కాదా అనే వాదనకి నేను రావడం లేదు. కోర్టు వదలమన్నాక కూడా వదలకపోవడాన్ని ఏ సెక్షన్ కింద పెట్టాలో నాకు తెలియదు.

అన్నానగర్_నర్సమ్మ | మధ్యాహ్నం 3:05

జైల్లో ఉన్నవాళ్లు కనీసం ఎక్కడున్నారో తెలుసు. కనపడకుండా పోయినవాళ్లో? రెడ్‌క్రాస్ దగ్గర 16 వేలకి పైగా ఫిర్యాదులున్నాయి. 2017 నుంచి కిలినొచ్చి, వవునియాల్లో తల్లులు రోడ్డు పక్క టెంట్లు వేసుకుని ఫొటోలు పట్టుకుని కూర్చున్నారు. దానికో ఆఫీసు పెట్టారు, 2018లో పని మొదలుపెట్టింది. ఆ తల్లుల్లో కొందరు ఈలోపు పోయారు కూడా.

గుమ్మిడిపూండి_లోకల్ | ఆదివారం రాత్రి 8:50

ఇన్ని రాసినందుకు అందరికీ థాంక్స్. ఈ రోజు కుర్రాడితో క్యాంపుకి వెళ్లాను. ఇన్నేళ్లుగా సూళ్లూరుపేట లోకల్‌లో ఆ పక్క నుంచే పోతున్నా, లోపలికి వెళ్లడం మొదటిసారి. 2021లో తమిళనాడు సర్కారు శరణార్థి శిబిరం అనే పేరు తీసేసి పునరావాస శిబిరం అని మార్చింది. గోడలు మాత్రం అవే, ఒక గది, ఒక వంటగది. నెలకోసారి తనిఖీ రోజున మనిషి కనపడాలి, అప్పుడే సాయం డబ్బులు. అందుకే కుర్రాడు ఆ రోజు కచ్చితంగా సెలవు పెడతాడని ఇప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ దొంగ సెలవనుకునేవాణ్ని.

వాళ్లమ్మ టీ ఇచ్చింది. ఏటా మే 18న ఉప్పు తప్ప ఏమీ వేయకుండా గంజి కాచి అందరికీ పోస్తుందట. 2009లో యుద్ధం ముగిసిన ముల్లివాయ్‌క్కాల్‌లో చివరి వారాల్లో తిండి అదేనట. వాళ్లు కంజి అంటారు, మనం గంజి అంటాం. అక్కడ ఈ గంజి పోసినందుకే 2024 మేలో త్రింకోమలి వైపు ఆడవాళ్లని అరెస్టు చేశారని చెప్పింది. రాయపేట సార్ చెప్పిన 1990 సంగతి అడిగాను. కుర్రాడికి తెలియదు. వాళ్లమ్మకి తెలుసు. "మా పక్కింటి టైలరు వెళ్లిపోయేటప్పుడు తాళంచెవి మా అమ్మకిచ్చాడు. తర్వాత మేమూ వచ్చేశాం. ఆ తాళంచెవి ఎక్కడ పోయిందో" అని, గిన్నెలు కడగడానికి లేచిపోయింది.

మేనమామతో వాట్సాప్‌లో మాట్లాడాను. నలభై ఆరేళ్లు, జుట్టు పూర్తిగా తెల్లబడింది. అరెస్టయినప్పుడు సింహళం ఒక్క ముక్క రాదు, రాని భాషలోనే సంతకం పెట్టాడు. పదమూడేళ్లలో పక్క బ్యారక్ సింహళ ఖైదీ, గంజాయి కేసట, నేర్పించాడు. ఇప్పుడు గడగడా చదువుతాడు. తను సంతకం పెట్టిన కాగితం ఆరో ఏట మొదటిసారి చదువుకున్నాడు. "ఏం రాసుంది?" అంటే "అందులో నేను చాలా ధైర్యవంతుణ్ని" అని నవ్వాడు. ఇప్పుడు ఊళ్లోవాళ్లు కోర్టు నోటీసులు, భూమి కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికే వస్తున్నారట చదివించుకోవడానికి. ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. ఇంటెలిజెన్స్ నుంచి ఒకడు వారానికోసారి వచ్చి ఎవరొచ్చారు, ఏం చేస్తున్నావని అడుగుతాడు. వాడితో మాత్రం సింహళంలో క్రికెట్ గురించి వాదిస్తాడట.

తిరిగి వస్తుంటే స్టేషన్ దగ్గర కుర్రాడు అడిగాడు: "అన్నా, ఆ రోజు మీరెందుకు మాట్లాడలేదు?" తెలియదు కాబట్టి అన్నాను. "స్వీటు తినడానికి తెలియక్కర్లేదుగా" అన్నాడు.

రేపు మళ్లీ తెమ్మన్నాను, ఈసారి నేనుంటానని చెప్పాను. "ఈసారి మీరు తెండి" అన్నాడు. పొన్నేరిలో దిగి అరకిలో కట్టించుకున్నా. నెయ్యి వాసన ఇల్లంతా కొడుతోంది, మా ఆవిడ ఎవరికని అడుగుతోంది.

కొరుక్కుపేట_కుర్రాడు | రాత్రి 9:15

క్యాంటీన్‌లో ఏమైందో రాయి అన్నా.